తెరుచుకోని డ్రాయింగులు

"హత్యే మేడమ్! పట్టపగలు చంపేసింది!"

సైబర్ సెల్ ఇన్‌స్పెక్టర్ ఇంకా గుమ్మం కూడా దాటలేదు. అరిచిన మనిషిని ఆవిడ పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. బిల్డింగ్ ప్లాన్లు గీయించి ఇచ్చే ఆఫీసుకి ఓనరు. జేబులో నాలుగు పెన్నులు. ఒక్కదానితోనైనా గీత గీసిన మొహం కాదు.

"ఎవర్ని?"

"డ్రాయింగుల్ని! స్కూలు బిల్డింగు డ్రాయింగులు మొత్తం. నాలుగింటికి సబ్మిట్ చెయ్యాలి."

శవాలు స్క్రీన్ మీదే ఉన్నాయి. ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్లన్నీ వరసగా కనబడుతున్నాయి. దేని మీద క్లిక్ చేసినా ఒకటే జవాబు. యాక్సెస్ డినైడ్. తెరవడానికి మీకు పర్మిషన్ లేదు.

కంప్యూటరు పక్కన, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఆ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ కూర్చుంది. ఉద్యోగం పేరు అలా ఉంది గానీ ఆడమనిషే. ఇక్కడ ఈరోజే ఆఖరు. సోమవారం కొత్త కంపెనీలో చేరాలి. వాళ్లు పోలీస్ వెరిఫికేషన్ అడిగారు. కేసంటూ పడితే ఆ ఉద్యోగం గాల్లో కలిసినట్టే.

మూడో మనిషి ఓనరు బావమరిది. కంప్యూటర్ షాపు నడుపుతాడు. నడపడమంటే, పొద్దున్నే షట్టర్ ఎత్తడం. ఈరోజు మెషీన్‌ని మూడుసార్లు రీస్టార్ట్ చేసి, యాంటీవైరస్ తిప్పి, "హ్యాకింగే బావా" అని తేల్చేశాడు.

"ఈ కంప్యూటర్ ఎంతమంది వాడతారు?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"ఇద్దరం. నాకో లాగిన్, ఆ అమ్మాయికో లాగిన్."

"ఇంకో కంప్యూటర్ కొనలేదేం?"

"ఉన్నది తిరుగుతోంది కదా మేడమ్!"

ఇన్‌స్పెక్టర్ డ్రాఫ్ట్స్‌మన్ వైపు తిరిగింది. "ఇవి తెరుచుకోవడం లేదని ఎప్పుడు తెలిసింది?"

"మెట్ల కొలతలు మారాయని పొద్దున తొమ్మిదిన్నరకి సైట్ నుంచి ఫోనొచ్చిందండీ. కొత్త ఫైల్ చేసి మెట్లు గీశాను. తర్వాత పాత ఎలివేషన్, అదే బిల్డింగు ముందువైపు బొమ్మ, తెరవబోతే రాలేదు."

"మెట్ల ఫైలు తెరుచుకుంటోందా?"

"శుభ్రంగా."

"విన్నారా!" ఓనరు బల్ల గుద్దాడు. "తనది తెరుచుకుంటుంది, నావి తెరుచుకోవు! ఇంకేం సాక్ష్యం కావాలి?"

"అన్నీ ఆవిడ గీసినవే కదా?"

"గీస్తే? జీతం ఇచ్చింది ఎవరు?"

ఇన్‌స్పెక్టర్, చెవిలో పడ్డ ఈగని విదిలించినట్టు తల విదిలించి, మళ్లీ డ్రాఫ్ట్స్‌మన్‌ని అడిగింది.

"నిన్న తెరుచుకున్నాయా?"

"ఐదున్నరదాకా వాటి మీదే పనిచేశాను. రిలీవింగ్ లెటర్ రేపివ్వాలని సార్‌కి గుర్తుచేసి వెళ్లిపోయాను."

"ఆవిడ వెళ్లాక ఈ గదిలో ఎవరున్నారు?"

ఓనరు బావమరిదిని చూశాడు. బావమరిది ఫ్యాన్‌ని చూశాడు.

"ఫ్యాన్ చెప్పదు. మీరు చెప్పండి."

"నేనే మేడమ్. బావ పిలిస్తే వచ్చా. ఒక ఫోల్డర్‌కి తాళం వేసిచ్చా. అంతే."

"అది నా సొంత ఫోల్డర్," ఓనరు అడ్డొచ్చాడు. "దానికీ దీనికీ సంబంధం లేదు."

"సంబంధం సంగతి నేను చూసుకుంటా. తాళం వేసేటప్పటికి అందులో ఏమున్నాయి?"

ఓనరు నీళ్లు నమిలాడు. "డ్రాయింగులే. వెళ్లిపోయే మనిషి మేడమ్. కాపీ కొట్టి కొత్త కంపెనీకి పట్టుకెళ్తే నా గతేంటి? రాత్రికి అందులో దాచాను. పొద్దున ఎనిమిదిన్నరకి నా చేత్తో నేనే బయటికి లాగి, పాత చోట పడేశాను."

"లాగారా? కాపీ చేశారా?"

"ఛీ! ఈ ఆఫీసులో కాపీ అన్నమాటే ఎత్తకూడదు. రెండుంటే రెండోది దొంగకే. మౌస్‌తో పట్టుకుని ఇటు లాగుతా, అటు లాగుతా. ఎప్పుడూ ఒక్కటే ఉంటుంది." చెబుతుంటేనే ఆయన ఛాతీ ఉబ్బింది.

"మీ లాగిన్‌లోకి రండి."

పాస్‌వర్డ్ కొడుతున్నంతసేపూ ఓనరు ఎడమచేత్తో కీబోర్డుని కప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఎలివేషన్ ఫైల్ మీద క్లిక్ చేసింది.

తెరుచుకుంది.

ఆవిడ ఫైల్ మూసి, ప్రాపర్టీస్ తీసి, సెక్యూరిటీలోకి వెళ్లింది. పర్మిషన్ ఉన్నవాళ్ల జాబితాలో ఒకే ఒక్క పేరు. ఓనరుది.

"పొద్దుట్నుంచి ఒక్కసారైనా మీ లాగిన్‌లో తెరిచి చూడొచ్చుగా?"

"డ్రాయింగులు తెరవడం నా పని కాదు మేడమ్. ఎప్పుడూ తెరవలేదు."

"తెలుస్తూనే ఉంది. వినండి. ఒకటే ఫోల్డర్. పొద్దున పుట్టిన మెట్ల ఫైలు తెరుచుకుంటోంది, నిన్నటివి తెరుచుకోవడం లేదు. అంటే రోగం ఫోల్డర్‌ది కాదు. నిన్నటి ఫైళ్లు ఎక్కడికో వెళ్లి అంటించుకొచ్చాయి. మీరు దాన్ని చూసి ఈవిడ మీద సాక్ష్యం అన్నారు. ఈవిడ కాదనడానికి సాక్ష్యం అదే."

"నేను తాళంలోంచి బయటికి తీశాను కదా?"

"ఈ మహానుభావుడు తాళం వేసింది ఫోల్డర్‌కొక్కదానికే కాదు. లోపలున్న ప్రతి ఫైలుకీ వేశాడు, మీరు తప్ప ఇంకెవరూ తెరవకుండా. ఒకే డిస్కులో ఫైలుని లాగితే, దాని తాళం దాంతోపాటే వస్తుంది. కాపీ చేసుంటే అది కొత్త ఫైలు కింద లెక్క. పెట్టిన చోట పద్ధతేదో అదే వచ్చేది. ఈవిడకీ తెరుచుకునేది. దొంగ భయంతో మీ ఫైళ్లని మీరే చంపుకుని, పాపం ఈవిడ నెత్తిన రుద్దారు."

"నాకు ముందే డౌటొచ్చింది బావా," అన్నాడు బావమరిది.

"నోర్ముయ్‌రా!"

"ఇద్దరూ ముయ్యండి," అంది ఇన్‌స్పెక్టర్. "ఫిర్యాదు తప్పని రాసివ్వండి. ఈవిడ రిలీవింగ్ లెటర్ కూడా. ఇప్పుడే, నా ముందు."

జేబులో పెన్నుల్లో రెండు రాయలేదు, మూడోది రాసింది. డ్రాఫ్ట్స్‌మన్ లెటర్ రెండుసార్లు చదివి, బ్యాగులో పెట్టుకుని లేచింది.

"అమ్మా, అమ్మా!" ఓనరు గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "నాలుగైపోతోంది. వెళ్తూ వెళ్తూ ఆ తాళాలేవో తీసి, ప్రింట్లిచ్చి వెళ్లు తల్లీ."

"పొద్దుట్నుంచి దొంగనన్నారు కదండీ. ఇప్పుడు ముట్టుకుంటే రేపు మళ్లీ మేడమ్‌ని పిలుస్తారు." ఆమె ఇన్‌స్పెక్టర్‌కి నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయింది.

"ఒరేయ్, తీయరా!"

"వెయ్యడం వచ్చు బావా. తియ్యడం ఇంకా చూడలేదు."

"మీ లాగిన్‌లో తెరుచుకుంటున్నాయిగా. తెరిచి ప్రింట్ ఇచ్చుకోండి," అని ఇన్‌స్పెక్టర్ కూడా బయటికి నడిచింది.

ఓనరు కుర్చీలో కూలబడి, ఒక ఫైల్ మీద క్లిక్ చేశాడు. నల్లటి తెర మీద రంగురంగుల గీతలు పరుచుకున్నాయి. కళ్లజోడు పైకెత్తి చూశాడు. కిందికి దించి చూశాడు.

"ఒరేయ్, ఇది స్కూలేనా?"

బావమరిది మెడ ఒక పక్కకి వంచాడు. తర్వాత రెండో పక్కకి వంచాడు.

"పేరు మాత్రం స్కూలనే ఉంది బావా."