బొత్తాలు కట్టిన దారాలు

క్రిస్మస్ ఇంకా నాలుగు రోజులుంది. ఆ ఇంట్లో మాత్రం పండగ నెల మొదట్లోనే వచ్చి పీట వేసుకుని కూర్చుంది. పొద్దున్న ఆరున్నరకే ఓవెన్‌లో కేకు పొంగుతోంది, పొయ్యి మీద టీ మరుగుతోంది, ముందుగదిలో కుట్టుమిషను గడగడలాడుతోంది. వీటన్నిటి మధ్యా నానమ్మ. డెబ్భై రెండేళ్ళు నిండాయి, మోకాళ్ళు రెండూ మొరాయిస్తాయి, అయినా డిసెంబరు వచ్చిందంటే ఆవిడ కాలు ఒకచోట నిలవదు. మనవరాలికే కాదు, వీధంతటికీ ఆవిడ నానమ్మే. అరవై ఏళ్ళ బేకరీ ఆవిడ కూడా సిగ్గులేకుండా నానమ్మా అనే పిలుస్తుంది!

"నానమ్మా, నా రెక్కలెప్పుడు కుడతావు?" తొమ్మిదేళ్ళ మనవరాలు మిషను పక్కనే తిష్ట వేసింది. ఈసారి చర్చి నాటకంలో దానిది దేవదూత వేషం.

"ముందు సూదిలో దారం ఎక్కించవే తల్లీ. ఆ తర్వాత రెక్కలూ, ఎగరడమూను."

పిల్ల ఇట్టే ఎక్కించింది. రోజూ తనచేత దారం ఎక్కించుకోవడం నానమ్మకు సరదా అనుకుంటుంది పిచ్చిపిల్ల. సంగతి అది కాదు. ఏడాదిగా నానమ్మ కళ్ళ ముందు పొగ కమ్మినట్టుంటోంది. మనుషులు కనిపిస్తారు, గుడ్డ కనిపిస్తుంది, సూదిబెజ్జమూ టేపు మీద అంకెలూ మాత్రం అలుక్కుపోతాయి. ఈ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఎలా చెబుతుంది? పోయిన నెల సూది వేల్లో దిగితే కొడుకు ఎంత గొడవ చేశాడని! అతను బస్సు డ్రైవరు. "మా దగ్గర చూపు తగ్గిందంటే మర్నాడే సీటు దిగాలమ్మా. ఇంకోసారి ఇలాంటిది నా కంటపడిందా, మిషను తీసుకెళ్ళి అటకెక్కిస్తాను," అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి. నలభై ఏళ్ళుగా ఆ మిషను మీద ఇల్లు నడిపిన ఆవిడకు ఆ మాటతో గుండె జారిపోయింది.

అయినా నాటకానికి పన్నెండుమంది పిల్లల బట్టలూ ఆవిడే కుడతానంది. ఎందుకంటే ఆవిడ దగ్గర దారాలున్నాయి. కుట్టుపని నేర్చుకున్ననాటి నుంచీ ఆవిడ పద్ధతే అంత. ఒక్కో మనిషికి ఒక లావుపాటి తెల్లదారం. భుజానికో ముడి, చేతికో ముడి, నిలువుకో ముడి. ఎవరి దారమో తెలియడానికి చివర ఒక బొత్తాం. గొర్రెల కాపరికి చెక్కబొత్తాం, రాజుకు ఇత్తడి బొత్తాం. వేళ్ళతో తడిమితే చాలు, కొలత చేతికొచ్చేస్తుంది. రెండు వారాల కిందటే చర్చిలో పిల్లలందర్నీ కొలిచి, దారాలు చుట్టలు చుట్టి, పాత బిస్కెట్ల డబ్బాలో దాచింది.

పది గంటలకు గుడ్డలన్నీ ఇస్త్రీ చేసి బల్ల మీద పరిచి, నానమ్మ బీరువాలోంచి డబ్బా తీసింది. చెయ్యి లోపల పెట్టింది. డబ్బా అడుగు చల్లగా తగిలింది. ఇంకేమీ తగల్లేదు.

"అమ్మాయ్! ఇందులో దారాలేవి?"

కోడలు అప్పుడే వీధిలోంచి వస్తోంది. పోస్టాఫీసులో పార్సిళ్ళ కౌంటరు ఆమెది. పండగకు సెలవు పెట్టి, నిన్న సాయంత్రం నానమ్మ పాటల ప్రాక్టీసుకు వెళ్ళినప్పుడు పన్నెండు కేకులు ప్యాక్ చేసింది. పొద్దున్నే స్నేహితుల ఇళ్ళన్నిటికీ పంచి వచ్చింది.

"అవా అత్తయ్యా? కేకులకు కట్టేశాను. బొత్తాలతో సహా ఎంత ముద్దుగా ఉన్నాయో! టీచరమ్మగారైతే ఎక్కడ కొన్నావని అడిగారు."

"కట్టేశావా?" నానమ్మ గొంతు పీలగా వచ్చింది. "అన్నీనా?"

"పొడుగ్గా ఉన్నవి కత్తిరించి..."

"కత్తిరించావా!" డబ్బా ఆవిడ చేతిలోంచి జారి నేల మీద దొర్లింది. "అడగొద్దూ? ఆ ముళ్ళు పిల్లల కొలతలు! నోరు లేదూ నీకు? నా వస్తువు ముట్టుకునేముందు అత్తయ్యా ఇది తీసుకోనా అని ఒక్క మాట అడగొద్దూ?"

కోడలు మొహం ఎర్రబడింది. పదకొండేళ్ళలో ఆవిడ ఇంత గట్టిగా అరవడం ఇదే మొదలు. "అవి కొలతలని నాకేం తెలుసు అత్తయ్యా? మీరెప్పుడైనా చెప్పారా? దారపు ముక్కలనుకున్నాను. పోనీ, సాయంత్రం పిల్లలంతా రిహార్సల్‌కి వస్తారుగా. టేపుతో మళ్ళీ కొలిచేద్దాం. ఎంతసేపు?"

"అక్కర్లేదు."

"అదేమిటి? మరి బట్టలెలా..."

"కుట్టను. ఈ ఏడు నేను కుట్టడం లేదని టీచరమ్మతో చెప్పెయ్."

నానమ్మ మిషను మీద గుడ్డ కప్పి, గోడవైపు తిరిగి కూర్చుంది. దేవదూత బావురుమంది. కోడలికి తిక్క పుట్టుకొచ్చింది. పది నిమిషాల పనికి ఇంత రాద్ధాంతమా! ఊరందరి ముందూ కోడలి వల్లే నాటకం పాడైందనిపించాలని కాకపోతే! తను ఏం చేసినా ఈ ఇంట్లో పరాయిదే. ఏడాదికి ఒక్కసారి, క్రిస్మస్ పొద్దున గుమ్మంలో, ఆవిడ తనను గట్టిగా పట్టుకుంటుంది. అదీ పండగ కాబట్టి.

సాయంత్రం చర్చి హాల్లో పన్నెండుమంది పిల్లలూ కోతిమూకలా గెంతుతున్నారు. రానంటే రానన్న నానమ్మను మనవరాలు చెయ్యి పట్టి లాక్కొచ్చింది. టీచరమ్మ ఎదురొచ్చి, "బట్టలెంతవరకొచ్చాయి నానమ్మా?" అని అడిగింది. నానమ్మ నోరు తెరిచేలోపే కోడలు సంచిలోంచి టేపు తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"కొలతలు ఇంకోసారి తీసుకుంటారట టీచరమ్మా. కానివ్వండి అత్తయ్యా."

అందరూ చూస్తున్నారు. వద్దంటే ఎందుకని అడుగుతారు. నానమ్మ గొర్రెల కాపరి వేషం వేసే పిల్లను దగ్గరికి పిలిచి, టేపు ఒక చివర ఎడమ భుజం మీద ఆనించి, రెండో భుజం దాకా లాగింది.

"ఎంత అత్తయ్యా?" కోడలు కాగితం, పెన్ను పట్టుకుని అడిగింది.

నానమ్మ టేపు మొహం దగ్గరికి తెచ్చుకుంది. దూరం జరిపింది. మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. "పద్నాలుగు."

కోడలు రాయబోయి ఆగింది. నానమ్మ బొటనవేలి కింద ఉన్న అంకె నలభై ఆరు. ఆవిడ టేపును తిరగేసి, అరవై అంకె ఉన్న చివర నుంచి పట్టుకుంది. అరవై అంగుళాల టేపు. అరవైలోంచి నలభై ఆరు తీసేస్తే పద్నాలుగే. కొలత తప్పు కాదు. కానీ ఆ పద్నాలుగు ఆవిడ చదివింది కాదు, చేతి అంచనాతో చెప్పింది.

ఒక్కొక్కటే గుర్తొచ్చింది కోడలికి. సూదిలో దారం. వేల్లో దిగిన సూది. ఉత్తరాలొస్తే కళ్ళజోడు ఎక్కడో పెట్టానంటూ తనచేత చదివించుకోవడం. పొద్దున ఆ అరుపు. అయ్యో, ఎంత మాట అనుకుంది తను!

"ఏమైంది? అందరూ అలా నిలబడిపోయారేంటి?" గుమ్మంలో భర్త గొంతు. డ్యూటీ దిగి, యూనిఫారంతోనే వాళ్ళను తీసుకెళ్ళడానికి వచ్చాడు. అతని చూపు తిన్నగా తల్లి మొహానికి ఆనించి పట్టుకున్న టేపు మీద పడింది. "అమ్మా, కనబడటం లేదా ఏంటి?"

నానమ్మ కోడలి వైపు చూసింది. ఆ మసక కళ్ళకు కోడలి మొహం ఎంత కనిపించిందో ఏమో గానీ, కోడలికి మాత్రం అత్తగారి మొహంలో భయం స్పష్టంగా కనిపించింది. పదకొండేళ్ళలో అక్కడ ఎప్పుడూ చూడనిది.

"టేపు నేనే తిరగేసి ఇచ్చానండీ," అంది కోడలు. "అయినా అత్తయ్యకు టేపుతో పనేంటి? నేను కొలిచి చెబుతాను, ఆవిడ ముళ్ళేస్తారు. మీరలా దిష్టిబొమ్మలా నిలబడకపోతే ఇంటికెళ్ళి బొత్తాల సీసా, తెల్లదారం ఉండా పట్టుకురావచ్చుగా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. అతను తల్లినీ, భార్యనూ మార్చి మార్చి చూసి, గొణుక్కుంటూ వెళ్ళాడు. ఆ సాయంత్రం కోడలి చేత్తో కొలతలు, నానమ్మ చేత్తో ముళ్ళు. ఎనిమిది కొట్టకముందే పన్నెండు దారాలకూ బొత్తాలు పడ్డాయి.

ఇంటికొచ్చాక వంటింట్లో ఇద్దరే మిగిలారు. కోడలు గిన్నెలు తోముతూ, అటు తిరిగే అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాదైంది."

"ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"చెబితే మిషను అటకెక్కుతుంది. అది ఎక్కాక ఈ ఇంట్లో నేనెవర్ని? టీ ఎప్పుడిస్తారా అని మూల కూర్చుని ఎదురుచూసే ముసలిదాన్ని."

"పండగ మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. మీ అబ్బాయికి మాత్రం మీరే చెప్పాలి. నేను పక్కనే ఉంటాను. మిషను జోలికొస్తే అప్పుడు చెబుతాను ఆయన సంగతి."

"సరే," అంది నానమ్మ. తర్వాత మెల్లగా అడిగింది. "అమ్మాయ్, ఆ డబ్బాలో పన్నెండు కాదు, పదమూడు దారాలుండాలి. ముత్యంలాంటి బొత్తాం ఉన్నది కూడా కట్టేశావా?"

కోడలు చేతులు తుడుచుకుంది. "లేదు. దానికన్నీ ముళ్ళే. పార్సిలు కట్టడానికి పనికిరాదని బుట్టలో పడేశాను." గబగబా వెళ్ళి చిత్తుకాగితాల బుట్ట తిరగేసి, ఆ దారం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. "ఎవరిదత్తయ్యా ఇది?"

"నీదే."

"నాదా? నన్నెప్పుడూ కొలవలేదుగా మీరు!"

"మరి ప్రతి ఏడూ కొత్త జాకెట్టు అంత సరిగ్గా ఎలా సరిపోతుందనుకున్నావు? క్రిస్మస్ పొద్దున గుమ్మంలో గట్టిగా పట్టుకుంటాను చూడు, అప్పుడే కొలుస్తాను. ఇదిగో, ఏడాదికో ముడి." నానమ్మ వేళ్ళు దారం మీద నడిచాయి. "ఇది నువ్వు కాపురానికొచ్చిన ఏడు. ఇది పిల్ల పుట్టాక. ఇదిగో, ఇక్కడ ముడి బాగా వెనక్కొచ్చేసింది చూశావా? మీ అమ్మ పోయిన ఏడు. తిండి మానేసి సగమైపోయావు. పట్టుకుంటే ఎముకలు తగిలాయి. ఆ రోజు గదిలోకెళ్ళి ఏడ్చాను."

కోడలికి ఏడుపు ఆగలేదు. ఆ ఏడాది తన బాధ ఎవరికీ పట్టలేదనే ఇన్నాళ్ళూ అనుకుంది. అలాంటి దారాన్ని పార్సిలుకు పనికిరాదని తన చేత్తో తనే చెత్తబుట్టలో పడేసింది.

"ఈ ఏడు ముడి ఇంకా వెయ్యలేదు," అంది నానమ్మ, కళ్ళు ఒత్తుకుంటూ.

కోడలు దగ్గరికి జరిగి ఆవిడ చేతులు రెండూ తీసి తన చుట్టూ వేసుకుంది. నానమ్మ చేతులు వీపు మీద కలుసుకున్నాయి. కాసేపటికి ఆవిడ వదలబోయింది.

"అప్పుడే వదలకండి అత్తయ్యా," అంది కోడలు. "కొలత సరిగ్గా రావాలిగా."