మాటలో మిగతా సగం

"కొత్త కరెంటు మీటర్ల మీద మీ అభిప్రాయం ఏమిటండీ?"

అడిగింది ఎవరో చూడకుండానే మెకానిక్ జవాబు మొదలుపెట్టేశాడు. అభిప్రాయం అడిగితే ఆలోచించి చెప్పే రకం కాదు అతను. అడక్కపోయినా చెప్పే రకం. మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసే ఆ చిన్న కొట్లో చేతులు ఎంత పనిచేస్తాయో, నోరు అంతకు రెట్టింపు పనిచేస్తుంది. మిక్సీ కోసం వచ్చినవాళ్ళు మిక్సీతో పాటు ప్రపంచ రాజకీయాలు కూడా పట్టుకుని ఇంటికి వెళ్తారు.

"మంచివేనండీ. కరెంటు ఎంత కాలిందో ఫోన్లోనే చూసుకోవచ్చు. కానీ ఆ బిల్లు చూశాక ఫోను అమ్ముకోవాల్సి వస్తుంది. అదీ సంగతి!" అంటూ తలెత్తాడు.

తలెత్తాక మాట ఆగిపోయింది. ఎదురుగా చేతిలో మైకుతో ఒక అమ్మాయి. వాన చినుకులు పడి మసకబారిన కళ్ళజోడు. నవ్వాలా వద్దా అని ఇంకా తేల్చుకోని పెదవులు. ఆమె వెనక కెమెరా భుజాన వేసుకుని ఒక మనిషి నిలబడ్డాడు. అతనికి ఆఫీసులో పెట్టిన పేరు మౌని. ఎంత పలకరించినా పలికిన పాపాన పోడు.

"థాంక్సండీ. సాయంత్రం వార్తల్లో 'జనం మాట'లో మీరొస్తారు" అని చెప్పి ఆ అమ్మాయి గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం మెకానిక్ కొట్టు తొందరగా కట్టేసి, తల దువ్వుకుని మరీ టీవీ ముందు కూర్చున్నాడు. పక్కన నాయనమ్మ. ఆవిడకు వార్తలంటే ప్రాణం. పొద్దున్నే అధికార పక్షాన్నీ ప్రతిపక్షాన్నీ సమానంగా తిట్టి గానీ కాఫీ ముట్టదు.

తెర మీద అతని మొహం వచ్చింది. "మంచివేనండీ. కరెంటు ఎంత కాలిందో ఫోన్లోనే చూసుకోవచ్చు" అంది ఆ మొహం. అంతే. తర్వాత వాతావరణం వచ్చేసింది.

నాయనమ్మ మనవడి వైపు తిరిగింది.

"మీటరు అంత ముద్దొస్తోందిట్రా నీకు? అయితే దాన్నే పెళ్ళి చేసుకో. నాకూ ఓ పని అయిపోతుంది."

"నేనన్నది అది కాదు నాయనమ్మా! ఇంకా సగం ఉంది!"

ఆ మిగతా సగం వినే ఓపిక ఎవరికీ లేదు. తెల్లారేసరికి, కొత్త మీటర్ల బిల్లులు చూసి వేడిమీదున్న వీధి వీధంతా అతన్ని మీటర్ల అల్లుడు అని పిలవడం మొదలుపెట్టింది. ఒకావిడ బాగుచేయమని ఇచ్చిన ఫ్యానును రెక్కలతో సహా వెనక్కి పట్టుకుపోయింది.

ఆ వారంలోనే మళ్ళీ వాన పడింది. వానతో పాటు మైకమ్మాయి కూడా వచ్చింది.

"మీరా! రండి, రండి" అన్నాడు మెకానిక్ స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి. "నా మాట సగానికి కోసేశారే, ఆ మిగతా సగం ఏం చేశారు? వండుకు తిన్నారా?"

"అది ఎడిటింగ్ రూములో..." అని మొదలుపెట్టి, ఆగి, ఆమె కళ్ళజోడు సర్దుకుంది. "లేదు. నేనే కోశాను. టైము చాల్లేదు. మీరేమో అసలు సంగతి చివర్లో పెట్టారు. చివర్లో పెడితే కత్తెర అక్కడే పడుతుంది."

"అంటే తప్పు నాదన్నమాట!"

"తప్పు నాదే. సారీ. పాఠం మాత్రం మీకు."

ఇంత సూటిగా సారీ చెప్పే మనిషిని ఎలా తిట్టాలో అతనికి తెలియలేదు. తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ వృథా అయిపోయాయి. లోపల మాత్రం ఏదో బాగా అనిపించింది.

"ఇవాళ టాపిక్ ఏఐ. ఒక్క ముక్క కూడా కోయకుండా వేస్తాను, ప్రామిస్" అందామె. "పది సెకన్లే. అసలు సంగతి ముందు."

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. "ఎన్ని ఏఐలు వచ్చినా మా నాయనమ్మ ఉద్యోగానికి ఢోకా లేదండీ. అది అడిగితేనే సలహా ఇస్తుంది. ఆవిడ అడక్కపోయినా ఇస్తుంది."

మౌని భుజం మీద కెమెరా కాస్త ఊగింది. ఆ సాయంత్రం మాట మొత్తం వచ్చింది. నాయనమ్మ "నన్ను రచ్చకెక్కిస్తావురా?" అని కోప్పడి, ఆ వెంటనే బంధువులందరికీ ఫోన్లు చేసి టీవీ చూశారా అని అడిగింది.

అలా మొదలైంది. ఆ అమ్మాయిది ఇంకా ట్రయల్ మీదున్న ఉద్యోగం. రోజూ ముగ్గురితో మాట్లాడించాలి. మైకు చూస్తే జనం అప్పులవాణ్ణి చూసినట్టు పక్క సందులోకి తప్పుకుంటారు. ముగ్గురిలో ఒకరు తక్కువైనప్పుడల్లా ఆమె కాళ్ళు మిక్సీల కొట్టు వైపు నడిచేవి. ఆ తర్వాత ముగ్గురూ దొరికిన రోజున కూడా నడిచేవి.

కొత్త ఫోన్ల గురించి అడిగితే "ఫోను ఏడాదికేడాదికీ సన్నబడుతోంది, దాన్ని పట్టుకుని కూర్చున్న మనిషి లావెక్కుతున్నాడు" అనేవాడు. ఎన్నికల హామీల గురించి అడిగితే "మిక్సీ వారంటీ లాంటివేనండీ, అసలు సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది" అనేవాడు. అతని అభిప్రాయాలన్నీ గొప్పవేమీ కావు. వినడానికి మాత్రం బాగుండేవి.

రోజూ ఒకే మనిషి అయితే ఎలా? అందుకని తెర మీద అతని బొమ్మ కింద వేసే మాట మారుతూ వచ్చింది. ఒకరోజు ఓటరు. ఇంకోరోజు ప్రయాణికుడు. మరోరోజు వినియోగదారుడు.

"ఇది మోసం కాదు కదా?" అంది ఆమె కాస్త భయంగా.

"నేను ఓటెయ్యనా? బస్సెక్కనా? సబ్బు కొననా? అన్నీ నేనే!"

ఒకసారి ఆమె తన కళ్ళజోడు తీసి అతనికి పెట్టి, కింద 'విశ్లేషకుడు' అని వేయించింది. ఆ అద్దాల్లోంచి అతనికి కెమెరా రెండుగా కనిపించింది. ఆమె కూడా ఇద్దరుగా కనిపించింది. దాని మీద మాత్రం అతనికి ఏ అభ్యంతరమూ లేకపోయింది.

"ఊళ్ళో అందరి అభిప్రాయాలూ అడుగుతారు. మీది ఎప్పుడూ చెప్పరేం?" అన్నాడు కళ్ళజోడు తిరిగి ఇస్తూ.

"మైకు పట్టుకున్నవాళ్ళకి అభిప్రాయం ఉండకూడదు. మా రూలు."

"మైకు చేతిలో లేనప్పుడు?"

"అప్పుడు అడిగి చూడండి" అని ఆమె నవ్వి, మైకు ఇంకో చేతిలోకి మార్చుకుంది.

భూమ్మీద ఉన్న ప్రతి విషయం గురించీ అభిప్రాయం చెప్పగల మనిషికి, ఆ నవ్వు గురించి ఒక్క మాట చెప్పబోతే నాలుక మడతపడింది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. రేపు వచ్చింది, వెళ్ళింది.

ఈలోగా ఆదివారం వచ్చింది. ఆ చానల్లో ఆదివారం పొద్దున ప్రేక్షకులు ఫోన్ చేసి మాట్లాడే లైవ్ ప్రోగ్రాం ఉంటుంది. ఎడిటర్ స్వయంగా కూర్చుని జవాబులు చెబుతాడు. మెకానిక్ ముందుగదిలో గడ్డం గీసుకుంటున్నాడు. ఇంతలో నాయనమ్మ గొంతు పెరటి వైపు నుంచీ టీవీలోంచీ ఒకేసారి వినిపించింది.

"నమస్కారం బాబూ. మీ చానల్ చాలా బాగుంటోంది. రోజూ మా మనవణ్ణి చూపిస్తున్నారు. ఓటరూ వాడే, ప్రయాణికుడూ వాడే. మొన్న కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషీ వాడే. అంతా బాగుంది గానీ, ఒక్కసారి కింద 'పెళ్ళి కావాల్సినవాడు' అని కూడా వేద్దురూ, మీకు పుణ్యం ఉంటుంది. ఆ మైకు పట్టుకొచ్చే పిల్లకి కూడా ఇంకా కాలేదనుకుంటా. కాస్త కనుక్కుని చెప్తారా?"

లైవ్ ప్రోగ్రాం. కత్తెరకు అందదు. ఎడిటర్ నోరు తెరిచి మూసేలోగా ప్రకటనలు వచ్చేశాయి.

"ఎంత పని చేశావు నాయనమ్మా!" అని మెకానిక్ సగం గడ్డంతో పెరట్లోకి పరిగెత్తాడు.

"ఏం చేశాన్రా? అభిప్రాయం చెప్పమన్నారు, చెప్పాను" అంది ఆవిడ ఫోను చీరకొంగుతో తుడుస్తూ.

మర్నాడు మైకమ్మాయి రాలేదు. ఫోన్ చేస్తే తీయలేదు. ఆ మర్నాడూ అంతే. ఇక లాభం లేదని మెకానిక్ కొట్టు మూసి చానల్ ఆఫీసుకు వెళ్ళాడు. ఎడిటర్ అతన్ని చూస్తూనే కుర్చీలోంచి లేచాడు.

"ఓహో! ప్రజలు వచ్చారు! రండి, కూర్చోండి!"

అతను కూర్చోలేదు. నేర్చుకున్న పాఠం ప్రకారం అసలు సంగతి ముందే చెప్పేశాడు. "ఆ అమ్మాయిని పనిలోంచి తీయకండి సార్. నన్ను ఎంతైనా తిట్టండి."

మిగతా సగం అతని దగ్గర లేదు. ఎడిటర్ మెత్తబడ్డాడు.

"తీయలేదయ్యా. కానీ ఊళ్ళో ఓటరూ, ప్రయాణికుడూ, విశ్లేషకుడూ ఒకే స్టూలు మీద కూర్చుని మాట్లాడితే మమ్మల్ని ఎవడు నమ్ముతాడు చెప్పు? ఇకనుంచి రోజూ కొత్త మొహాలు తేవాలి. నీ మొహం మళ్ళీ నా తెర మీద కనిపించిందా, ఆమె ఉద్యోగం ఊడినట్టే. ఆమెకీ అదే చెప్పాను."

హమ్మయ్య అనుకుంటూ మెట్లు దిగాడు. వీధిలోకి వచ్చేసరికి ఆ హమ్మయ్య ఎటో పోయింది. ఆమె ఉద్యోగం నిలిచింది, నిజమే. ఇక తన అభిప్రాయాలతో మాత్రం ఆమెకు పనిలేదు. ఇన్నాళ్ళూ ఆమె వచ్చింది తన మాటల కోసమా, తన కోసమా? ఈ ఒక్క విషయంలో ఏ అభిప్రాయానికీ రావడానికి అతనికి ధైర్యం చాల్లేదు.

కొట్టు మూగబోయింది. ఒక పాత ఖాతాదారు కావాలనే ఎన్నికల ఊసెత్తితే "ఎవరు గెలిస్తే మనకేంటి లెండి" అన్నాడు. ఆ పెద్దమనిషి భయపడిపోయి నాయనమ్మకు కబురు పెట్టాడు. ఆవిడ వానలోనే కొట్టుకు వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"నా నోరే నీ కొంప ముంచిందిరా" అంది మెల్లగా. ఆవిడ జీవితంలో తప్పు ఒప్పుకోవడం అదే మొదలు.

అతను ఏదో అనబోతుండగా గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది. మైకమ్మాయి. వెనక మౌని. మౌని భుజాన కెమెరా.

"రావద్దు!" అని మెకానిక్ ఒక్క ఉదుటున బల్ల కిందకు దూరాడు. "కెమెరా అటు తిప్పండి! నా మొహం కనిపిస్తే మీ ఉద్యోగం పోతుంది!"

"మిమ్మల్ని ఎవరు అడిగారండీ? నేను బామ్మగారి కోసం వచ్చాను. కొత్త మొహం."

అంటే వచ్చింది తన కోసం కాదు. అదన్నమాట సంగతి.

"బామ్మగారూ, ఇవాళ టాపిక్, ఇంట్లోవాళ్ళతో కంటే ఫోన్లతో ఎక్కువ మాట్లాడుతున్న యువత. మీ అభిప్రాయం?"

"మావాడు నాతోనూ మాట్లాడ్డం లేదు, ఫోనుతోనూ మాట్లాడ్డం లేదమ్మా. ఇదిగో, బల్ల కింద ఉన్నాడు" అంది నాయనమ్మ. "అయినా రోజూ నువ్వే అందర్నీ అడుగుతావేం? అదిలా ఇవ్వు." వద్దనేలోగా మైకు ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయింది. "మావాడి మీద నీ అభిప్రాయం ఏమిటి? చెప్పు."

ఆ అమ్మాయి ఖాళీగా ఉన్న తన చెయ్యి చూసుకుంది. తర్వాత మౌని వైపు చూసింది.

"కెమెరా ఆన్‌లోనే ఉంది" అన్నాడు మౌని. అతని గొంతు వినడం అందరికీ అదే మొదటిసారి.

"సరే" అందామె. "నోటికి హద్దు లేదు. తెలిసినదానికీ తెలియనిదానికీ తీర్పు చెప్పేస్తారు. ఆయన చెప్పిన ఎన్నికల జోస్యం ఒక్కటీ నిజం కాలేదు. ఫోన్లు మనుషుల్ని పాడుచేస్తున్నాయంటారు, నాకు మాత్రం ఆపకుండా ఫోన్లు చేస్తారు."

బల్ల కింద మెకానిక్ ముడుచుకుపోయాడు.

"కానీ..." అని ఆమె ఆగింది. కొట్టు రేకుల మీద వాన గట్టిగా పడుతోంది.

"అక్కడ కోయకండి!" అని అతను లేవబోయాడు. బల్లకు తల ఠంగుమంది.

"కోయను" అందామె. "వారం రోజుల నుంచి కొత్త మొహాల కోసం ఊరంతా తిరిగాను. అందరూ పద్ధతిగా మాట్లాడారు. ఒక్కరి మాటా గుర్తులేదు. ఈయన వాగుడు వినకపోతే నాకు సాయంత్రం అవడం లేదు బామ్మగారూ. ఈయనంటే నాకిష్టం."

నాయనమ్మ మైకు ఆమె చేతిలో పెట్టి, చెంప నిమిరింది.

మౌని కెమెరా అటు తిప్పేశాక మెకానిక్ తల రుద్దుకుంటూ బయటికి వచ్చాడు. "మరి ఫోన్ ఎందుకు తీయలేదు?"

"ఉద్యోగం పోతే, మీ వల్లే పోయిందని మీరు జన్మంతా బాధపడతారు. అందుకే తేలేదాకా ఆగాను. ఇవాళే ఖాయం చేశారు." ఆమె మైకు అతని ముందు పెట్టింది. "ఇప్పుడు మీ అభిప్రాయం?"

"ఇష్టం. మొదటిరోజు నుంచీ."

"అమ్మయ్య! పది సెకన్లలోపు ముగించారు" అని ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఆదివారం మా ఇంటికి రండి. నాన్న ఉంటారు. కాకపోతే చిన్న చిక్కుంది. ఆయనకి కొత్త మీటరుతో పెద్ద యుద్ధం నడుస్తోంది. ఆ రోజు టీవీలో మీరు మీటర్లు మంచివన్నప్పటి నుంచీ మీ పేరెత్తితే మండిపడుతున్నారు."

"అయ్యో! నేనన్నది అది కాదని చెప్పలేదా?"

"కోసింది నేనేనని ఆయనకి తెలియదు కదా!"

"మరిప్పుడు ఆయనతో నేనేం మాట్లాడను?"

ఆమె మైకు కట్టేసి బ్యాగులో పెట్టుకుంది. గొడుగు అతని చేతికిచ్చి, వానలోకి అడుగు వేస్తూ అంది.

"మీరు అసలు సంగతి ముందు చెప్పేయండి. మిగతా సగం నేను చెప్తాను."