టైలరమ్మ వాళ్ళ వీధి స్టాపు

పొద్దున షట్టరు పైకెత్తగానే టైలరమ్మ చేసే మొదటి పని మిషనుకు నూనె వేయడం కాదు, వీధిని పలకరించడం. మందుల షాపాయనకు ఒక మాట, ఎదురింటి వదినకు నాలుగు మాటలు, దారిన పోయే పాలవాడు కాస్త నిలబడితే వాడికీ ఓ వాటా. ఈమధ్య ఆ మాటలన్నీ ట్రామ్ చుట్టూనే తిరుగుతున్నాయి. మార్కెట్టు దగ్గర ఆగిపోయిన ట్రామ్ లైనును పెద్దాసుపత్రి దాకా పొడిగిస్తున్నారు. ఆ పట్టాలు ఎక్కడ పరవాలో, ట్రామ్ ఎక్కడెక్కడ ఆగాలో తేల్చే ఆఫీసులో టైలరమ్మ కూతురు ఇంజినీరు. ఇక ఆవిడ నోటికి తాళం వేసేదెవరు?

"స్టాపు మన వీధికి పడ్డట్టే వదినా! గీసేది మా బుల్లి కదూ!"

బుల్లి అంటే ముప్పై దాటిన మనిషి. ఆఫీసులో అందరూ మేడమ్ అని లేచి నిలబడతారు. వీధిలో మాత్రం ఇంకా బుల్లే. షాపు పైనున్న మూడు గదుల ఇంట్లో అమ్మానాన్నలతోనే ఉంటుంది. ఆవిడ ఆఫీసుకు వెళ్ళడానికి మెట్లు దిగుతుంటే వీధి మొత్తం ఒక కన్నేసి చూస్తుంది, స్టాపు సంచీలో పెట్టుకుని తెస్తోందేమో అన్నట్టు.

వీధికి స్టాపు అవసరం లేకపోలేదు. టైలరు షాపుకు కాస్త అవతలే డయాలసిస్ కేంద్రం ఉంది. లోపల మిషను పక్కన గంటలకొద్దీ పడుకుని బయటికొచ్చేవాళ్ళకు కాళ్ళల్లో సత్తువ ఉండదు. టైలరమ్మ షాపు గోడ పట్టుకుని మెల్లగా నడుస్తారు. కొందరు లోపలికొచ్చి బల్ల మీద కూర్చుని, అలుపు తీరాక లేస్తారు. "ఇంకెన్నాళ్ళు లెండి, గేటు దాటగానే ట్రామ్ ఎక్కేస్తారు" అని వాళ్ళకు కూడా టైలరమ్మ ఉదారంగా మాటిచ్చేసింది.

ఒకరోజు మందుల షాపాయన పలకరింపుకు బదులివ్వకుండానే దగ్గరికొచ్చాడు.

"వార్డాఫీసు గోడకు లైను పటం పెట్టారండీ. చూసొచ్చాను."

"చూశారా! నేను చెప్పలేదూ?"

"చూశానండీ." ఆయన గొంతు సవరించుకున్నాడు. "మార్కెట్టు తర్వాత స్టాపు మళ్ళీ పెద్దాసుపత్రి దగ్గరే ఉంది. మన వీధిలోంచే పోతుందట. ఆగదట."

టైలరమ్మ నవ్వింది. పటం తలకిందులుగా చూసుంటారంది. మధ్యాహ్నం షట్టరు దించి తానే వెళ్ళింది. పటం సరిగ్గానే ఉంది. మిగతా లైనంతా దగ్గరదగ్గరగా స్టాపులు, ఆవిడ వీధి ఉన్నచోట మాత్రం ఖాళీ గీత. పక్కన నిలబడి చూస్తున్న ఎదురింటి వదిన ఏమీ అనలేదు. అనకపోవడమే టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం కూతురు గుమ్మంలో కాలు పెట్టేసరికి తల్లి నడుం మీద చెయ్యేసుకుని సిద్ధంగా ఉంది. తండ్రి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాడు. పోస్టుమాన్‌గా చేసి రిటైరైన మనిషి. ఊరంతా తిరిగి అలిసిపోయాడేమో, ఇప్పుడు కాలూ కదపడు, పెదవీ కదపడు.

"ఏమే, ఊళ్ళో అందరి గుమ్మాలూ కనిపించాయి, నీ గుమ్మం ఒక్కటే కనబడలేదా ఆ పటంలో?"

"చెప్పులన్నా విప్పుకోనీ అమ్మా."

"విప్పుకో. రేపట్నుంచి నేను ఏ మొహం పెట్టుకుని షట్టరు తియ్యాలో కూడా చెప్పు. ఆ మూల నుంచి ఈ మూల దాకా అందరికీ చెప్పాను!"

"చెప్పావు. అదే కదా వచ్చిన చిక్కు!" బుల్లి సంచీ బల్ల మీద పడేసింది. "మొదట గీసినప్పుడు స్టాపు ఉందమ్మా. డయాలసిస్ గేటు ముందే పెట్టాను. తర్వాత నేనే తీసేశాను."

"నువ్వా?"

"నేనే. నీలం ప్యాంటు పొట్టి చేయించుకున్నాడే, సన్నగా, పొడుగ్గా ఒకాయన, గుర్తున్నాడా?"

"ఆ... పాపం మంచివాడు, చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు."

"వింటాడు మరి! మా సెక్షనే. స్టాపు మా అమ్మాయి మా కోసమే వేయిస్తోంది అన్నావట. మర్నాడు నేను సీట్లో కూర్చోకముందే, 'మేడమ్, మా పెరట్లోకి కూడా ఒకటి వేయించండి' అని ఒకటే నవ్వులు. రాత్రింబవళ్ళు కష్టపడి గీశానమ్మా ఆ లైను. సొంతింటి కోసం గీసుకుందన్న మాట పడమంటావా? ఎవరూ వేలెత్తి చూపకూడదనే తీసేశాను."

టైలరమ్మ నడుం మీంచి చెయ్యి దించేసి, "నా కూతురని చెప్పుకోవడం కూడా తప్పయిపోయిందా?" అంది.

"తప్పే అమ్మా! నాకు తప్పే అయింది!"

బఠాణీలు ఒలవడం ఆగింది.

"మీ ఇద్దరి గొడవా బాగానే ఉంది," అన్నాడు తండ్రి, చేతిలో తొక్క వంక చూస్తూ. "ఆ డయాలసిస్ వాళ్ళేం చేశారు మధ్యలో?"

బుల్లి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. టైలరమ్మ వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

మర్నాడు షట్టరు లేచింది గానీ పలకరింపులు లేవు. వీధికి అది వింతగా తోచింది. మధ్యాహ్నం డయాలసిస్ అయ్యాక, ఎప్పుడూ షాపులో అలుపు తీర్చుకునే లెక్కల మాస్టారు మోచేతి దగ్గర కట్టుతో గోడ పట్టుకుంటూ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఎత్తిపొడుస్తాడేమోనని టైలరమ్మ తలెత్తకుండా జిప్పు కుట్టుకుంటోంది.

"పటం సంగతి విన్నానమ్మా. అమ్మాయిని ఏమీ అనకండి. ఆఫీసన్నాక సవాలక్ష ఉంటాయి. వచ్చేటప్పుడు మార్కెట్టు దగ్గర దిగి నడిచొచ్చేస్తాను, ఇబ్బంది లేదు. పోయేటప్పుడే కాస్త..." ఆయన నవ్వబోయాడు. "మీ బల్ల ఉందిగా!"

తిట్టినా బాగుండేది. టైలరమ్మకు దుఃఖం ముంచుకొచ్చింది. స్టాపు వస్తుందని ఇన్నాళ్ళూ వీధంతా చెప్పుకుంది, కానీ ఎవరికి కావాలో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆవిడకు కావలసింది కూతురి గొప్ప. ఆ గొప్పే ఈయన కాళ్ళకు అడ్డం పడింది. గ్లాసుతో నీళ్ళిచ్చి, ఆయన వెళ్ళేదాకా గుమ్మంలో నిలబడి చూసింది.

లైను గురించి ప్రజల అభిప్రాయాలు వినే సభ ఆ వారాంతంలోనే పెట్టారు. ఆ తర్వాత పటం పై అధికారుల దగ్గరికి పోతుంది, ఇక మార్చడం ఎవరి తరమూ కాదు. హాలు కిక్కిరిసింది. వేదిక మీద పెద్ద ఇంజినీరుగారు, ఆవిడ పక్కన మైకు ముందు బుల్లి. వెనక వరుసలో నీలం ప్యాంటాయన కూడా ఉన్నాడు. ఒక్కొక్కరు లేచి దుమ్మనీ చప్పుడనీ చెప్పుకుంటున్నారు. బుల్లి ఓపిగ్గా జవాబిస్తోంది. అంతలో మూడో వరుసలోంచి తన తల్లి లేవడం చూసి ఆమె ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. పదిమందిలో ఇంకేం టముకు వేస్తుందో!

తల్లి చేతికి మైకు వచ్చింది.

"మీ వివరాలు చెప్పండి," అంది బుల్లి, అందరినీ అడిగినట్టే.

"టైలర్నండీ. డయాలసిస్ కేంద్రం ఉన్న వీధిలో షాపు." టైలరమ్మ కూతురి వైపు చూడలేదు. "నాకు స్టాపు అక్కర్లేదు. నా కాళ్ళు బాగానే ఉన్నాయి. ఆ కేంద్రంలోంచి వచ్చేవాళ్ళు మా గోడ పట్టుకుని నడుస్తారు. చేతులు ఆనేచోట గోడకు రంగు పోయింది, కావాలంటే వచ్చి చూడండి. వాళ్ళ గేటు ముందు ట్రామ్ ఆగాలి. మా షాపు మెట్లు అడ్డమైతే కొట్టేయండి, నేను పక్కనుంచి ఎక్కుతాను."

ఆవిడ మైకు ఇచ్చేయబోయి మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

"ఇంకో మాట. ఆఫీసులో మావాళ్ళున్నారు, స్టాపు వేయిస్తారని నేను ఊరంతా చెప్పాను. అది ఉత్త గొప్ప. నాకెవరూ మాటివ్వలేదు. ఆ ఆఫీసులో నాకెవరూ తెలీదు."

ఎదురింటి వదిన నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ రోజుకు పదిసార్లు 'మా బుల్లి' అన్న మనిషి, కూతుర్ని కళ్ళెదుట పెట్టుకుని ఎవరూ తెలీదంది.

బుల్లి తర్వాతివాళ్ళను పిలవాలి. పిలవలేదు.

"ఆవిడ మా అమ్మ," అంది చివరికి. మైకులో అది హాలంతా వినబడింది. "ఆ గేటు ముందు స్టాపు ఉండాలనే మా లెక్కలూ చెప్పాయి. మొదట అక్కడే పెట్టాను. సొంతవాళ్ళ కోసం పెట్టుకుందంటారని భయపడి నేనే తీసేశాను. అది నా తప్పు. నా పేరు కాపాడుకోవడానికి నడవలేనివాళ్ళను నడిపించబోయాను."

పెద్ద ఇంజినీరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఆఫీసుకు రా, నీ సంగతి అక్కడ చెప్తాను," అని మెల్లగా అని, హాలు వైపు తిరిగింది. "ఈ స్టాపు ఇక ఈ అమ్మాయి చూడదు. వేరేవాళ్ళ చేత మళ్ళీ కొలిపిస్తాను. అది తేలేదాకా పటం పైకి పోదు." వెనక వరుస వైపు వేలు చూపింది. "మీరు చూడండి." నీలం ప్యాంటాయన బుద్ధిగా తలూపాడు.

సభ అయ్యాక తల్లీకూతుళ్ళు హాలు మెట్ల మీద ఎదురుపడ్డారు. ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ తలలు తిప్పుకున్నారు.

"చీవాట్లు పడతాయా?" అంది తల్లి.

"పడతాయి. ఎవరూ తెలీదంటావా అమ్మా?" అంది బుల్లి.

"ఏం చెయ్యనే, నావల్లే కదా..."

మాట పూర్తికాకముందే వీధంతా చుట్టుముట్టింది. "స్టాపు వచ్చినట్టేనా వదినా?" అంది ఎదురింటావిడ. అలవాటుగా అందరూ టైలరమ్మ నోటి వంకే చూశారు. ఆవిడ పెదవులు బిగబట్టింది. ఎంత కష్టపడి బిగబట్టిందో పక్కనున్న కూతురికే తెలిసింది.

"స్టాపు సంగతి ఆయన కొలిచి చెప్తాడు అత్తయ్యా, నేనేం చెప్పలేను," అంది బుల్లి. తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి తీసుకుంది. "కానీ ఇందాక మైకులో మాట్లాడిందే, విన్నారా? మా అమ్మ!"

టైలరమ్మకు ఇక ఆగలేదు. కూతురి భుజం మీద తల పెట్టుకుని, వీధంతా చూస్తుండగానే ఏడ్చేసింది.