కుంచె మొన తడి

మిషను కన్ను పటంలోని సీతమ్మ చీరకుచ్చిళ్ల మీద ఆగి, మెల్లగా అంచు వెంబడి కదలసాగింది. నాంచారయ్య ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఇందాకే మిషను అద్దం మీద వేలు పెట్టి, శాస్త్రవేత్త డాక్టర్ సబీహా చేత చీవాట్లు తిన్నాడు.

బందరుకు సముద్రపు గోడ కట్టిన ఏడాది అది. ఊరి భజన మందిరంలోని పట్టాభిషేకం పటం పాతకాలపు అచ్చుపటం. ఆ రోజుల్లో ప్రెస్సులో నల్లగీతలే అచ్చయ్యేవి. రంగులు ఆడవాళ్లు ఇళ్ల దగ్గర కూర్చుని కుంచెతో వేసేవారు. పటం కింద మాత్రం ప్రెస్సు యజమాని పేరే ఉండేది. ఆ రంగులు తన అమ్మమ్మ తల్లి భ్రమరమ్మ వేసిందనీ, ఆమె పేరు పెట్టాలనీ నాంచారయ్య జుట్టు నెరిసేదాకా కమిటీ చుట్టూ తిరిగాడు. సైన్‌బోర్డులు రాసి బతికినవాడు, పట్టు విడవడు. రుజువేదీ అని ప్రెసిడెంటు అనంతరామయ్య నవ్వేవాడు.

రుజువు ఇప్పుడు మిషను వెతుకుతోంది. దాని కిటుకు సబీహా విడమరిచి చెప్పింది. సన్నగీత కోసం కుంచె మొనను పెదవులతో తడిపి కూర్చడం రంగులవాళ్ల అలవాటు. ఆ తడితో నోటి కణాలు రంగులో కలుస్తాయి. రంగులోని తుమ్మబంక ఎండి వాటిని పట్టి ఉంచుతుంది. తల్లి నుంచి బిడ్డలకు దిగే డీఎన్ఏ ఒకటి ఉంటుంది. మిషను దాన్ని చదివి, బతికున్నవాళ్ల డీఎన్ఏతో పోల్చి చూస్తుంది.

"ఎంగిలి అనరాదటమ్మా, ఇంత కథ ఎందుకు?"

"ఎంగిలే తాతగారూ."

తెర మీద రంగులోని డీఎన్ఏ గీత, నాంచారయ్య డీఎన్ఏ గీత కలిశాయి.

"మీ అమ్మమ్మ వైపు మనిషే. కచ్చితంగా ఆవిడేనా అంటే మాత్రం ఇది చెప్పలేదు. ఆ తల్లుల వరుసలో ఎవరిదైనా దీనికి ఒకటే."

"దానికి తెలియకపోతే నాకు తెలుసు" అన్నాడు నాంచారయ్య.

కమిటీ ఒప్పుకుని, భ్రమరమ్మ పేరుతో పటానికి ఇత్తడి రేకు బిగించిన రోజున రిపోర్టు చదివి ఊరుకోమని సబీహా చెప్పింది. ఆయన ఊరుకుంటేనా? మైకు పట్టుకుని, చీర ఒక్కో మడతకీ తాతమ్మ కుంచె నోట్లో పెట్టుకుందనీ, ఆ తడే ఇంకా పటంలో ఉందనీ మురిసిపోతూ వివరించాడు. హారతి పళ్లెం పట్టుకున్నావిడ పళ్లెం దించేసింది.

"ఇన్నాళ్లూ ఎంగిలికి హారతి పట్టామా, నాంచారయ్యా?" అని ప్రెసిడెంటు నిలదీశాడు.

"అడవిలో ముసలమ్మ కొరికిచ్చిన పళ్లు తిన్నాడు కదయ్యా ఆయన."

"తిన్నది ఆయన. పూజ చేసేది మేము" అన్నాడు అనంతరామయ్య.

వారం తిరక్కుండా మనిషి చెయ్యి సోకని కంప్యూటర్ పటం మందిరానికి వచ్చింది. పాతది, ఇత్తడి రేకుతో సహా, నాంచారయ్య ఇంటికి చేరింది. దాన్ని ముట్టుకోవద్దనీ, వేరే కణాలు పడితే రుజువు పాడవుతుందనీ సబీహా ఫోనులో మరీ మరీ చెప్పింది. ఆయన సరేనన్నాడు.

దించడంలో సీతమ్మ చీరకుచ్చిళ్ల దగ్గర ఎరుపు కాస్త పెచ్చు లేచిపోయింది. రెండు రోజులు చూసీ చూడనట్టు తిరిగాడు. మూడోనాడు బంక నానబెట్టి రంగు కలిపాడు. కుంచె మొన విచ్చుకుని ఉంది. ఆలోచించకుండానే పెదవుల మధ్య పెట్టుకున్నాడు.

గీత సన్నగా, తిన్నగా వచ్చింది. ఇప్పుడు మిషను తెచ్చి చూపించినా, ఆ తడి తనదో భ్రమరమ్మదో దానికి తేడా తెలియదు.