తాగకముందే గ్రాసియాస్

నానమ్మ బట్టలు మూట కట్టుకుంటోందని ఆరేళ్ళ కూతురు మిర్నా వచ్చి చెప్పేసరికి, లిదువీనా చేతిలోని కర్రపెండలం దుంప జారి తొట్టిలో పడింది. అత్తగారు సెఫెరీనా మధ్యాహ్నం బస్సుకి తమ్ముడింటికి వెళ్ళిపోతుందట... చక్కెర జబ్బుతో, మానని పుండున్న కాలితో!

తప్పు ఎక్కడ మొదలైందో లిదువీనాకు తెలుసు. మిర్నా తొడ మీద సెగ్గడ్డ లేచింది. ఏ మందు వేసినా తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేస్తోంది. పిరిబెబుయ్ ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ చీము పరీక్ష చేయించి, ఇది మామూలు మందులకు లొంగని క్రిమి అని తేల్చింది. చేతుల మీదుగా, ఒకరి వస్తువులు ఒకరు వాడడం వల్ల ఇల్లంతా పాకుతుందట. ముసలామె పుండులో చేరిందంటే కాలే తీసెయ్యాల్సి రావచ్చట. ఇంటిల్లిపాది ముక్కుల్లోంచీ పుల్లతో తడి తీసి పరీక్షకు పంపింది.

ఇంటికి రాగానే లిదువీనా కంటపడింది తెరెరే తాగే కొమ్ముగిన్నె. ఒకే కొమ్ము, ఒకే గొట్టం. ఆకుల మీద చల్లటి నీళ్ళు పోసి అందరూ వంతులవారీగా పీల్చుకునేది దానితోనే. ఆ పూటే అత్తగారికి వేరే కొమ్ము, వేరే గొట్టం పెట్టింది. ఆమె కాలు కాపాడాలనే! కానీ ఆ ఊళ్ళో ఒక మనిషికి గొట్టం వేరు చేయడమంటే వెలివేసినట్టే. సెఫెరీనా కొత్త కొమ్మును ముట్టుకోలేదు. కోళ్ళ దగ్గర కూర్చుని, "రండమ్మా, మీరైనా నాతో కలిసి తాగుతారు" అని కోడలికి వినబడేటట్టు వాటిని పిలిచేది. అమ్మని కుష్ఠురోగిని చేశావని భర్త తాసియో మాటలు మానేశాడు.

సెఫెరీనా మూట కట్టుకున్న రోజే పరీక్షల ఫలితం తెచ్చుకోవాలి. వచ్చేదాకా ఆగమని లిదువీనా బతిమాలింది. బస్సు తనకోసం ఆగదని సెఫెరీనా అంది.

ఆరోగ్య కేంద్రంలో విన్నది లిదువీనాకు మొదట అర్థం కాలేదు. అత్తగారికి లేదు. తాసియోకీ లేదు. క్రిమి ఉన్నది తన ముక్కులో... కనీసం జలుబైనా లేని తన ముక్కులో! ఏ బాధా పెట్టకుండా అలా ఉండిపోగలదట. ఈ మధ్య ఆసుపత్రిలో ఉన్నావా అని డాక్టరమ్మ అడిగింది. ఉంది. పోయిన చలికాలమంతా రాజధాని అసున్సియోన్‌లో, ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన నేల మీద పడుకుంది, అమ్మ కన్నుమూసేదాకా.

అత్తగారి పుండుకి కట్టు ఎలా కడుతున్నావని డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. చేతులు కడుక్కునే కడుతున్నానంది లిదువీనా. దేనితో తుడుచుకుంటావు? కుళాయి పక్కన మేకుకు వేలాడే తువ్వాలుతో. అది ఎవరిది? అందరిదీ...

"కొమ్ము వేరు చేశావు. తువ్వాలు మర్చిపోయావు" అంది డాక్టరమ్మ, కోపం లేకుండా. ముక్కుకు లేపనం, ఒంటికి మందు సబ్బు ఇచ్చింది. ఎవరి తువ్వాలు వాళ్ళకి ఉండాలనీ, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యాలనీ, ప్రస్తుతానికి పుండు వేరే ఎవరైనా కట్టాలనీ చెప్పింది. దారి పొడవునా లిదువీనాకు వినబడింది ఆ చివరి మాటే.

ఇంటి దగ్గర మామిడి నీడలో తాసియో పాత కొమ్ములోనే తెరెరే కలిపాడు. వెళ్ళిపోయే మనిషికి వేరు కొమ్మెందుకు అన్నట్టు ముందు తల్లికిచ్చి, తర్వాత పెళ్ళానికి చాపాడు.

"గ్రాసియాస్" అంది లిదువీనా.

తాగినంత తాగి, ఇక నాకొద్దు అని తాగేవాళ్ళ మధ్యనుంచి లేచేటప్పుడు కృతజ్ఞతగా అనే మాట అది. ఒక్క గుక్కైనా తాగకుండా ఎవరూ అనరు.

"నా నోరు తగిలిన గొట్టం కూడా రోతేనా నీకు?" అంది సెఫెరీనా.

"మీది కాదత్తయ్యా... నాది. నా ముక్కులో ఉందట. మిర్నాకి నేనే అంటించి ఉంటాను. ఇన్నాళ్ళూ మీ కాలు కట్టిందీ ఈ చేతులే. మీరు ఉండండి. నేనే మా చెల్లెలింటికి పోతాను."

సెఫెరీనా కోడలి వైపు తిరిగింది. "ఎక్కడ అంటుకుందట?"

"అమ్మ దగ్గర ఉన్నప్పుడు... ఆసుపత్రిలో కావచ్చంది."

ముసలామె ముఖం మారింది. ఆ చలికాలంలో వియ్యపురాల్ని చూడడానికి వెళ్ళి, ఆసుపత్రి వాసనకు గంటసేపు కూర్చోలేక వచ్చేసిన సంగతి గుర్తొచ్చిందేమో.

"అమ్మకి చాకిరీ చేసి తెచ్చుకున్నది తప్పెలా అవుతుందే? మందిచ్చిందా?"

"ఇచ్చింది."

"వేసుకో మరి. ఇక్కడ అంటించింది చాలక మీ చెల్లెలి పిల్లలకి కూడా పంచుతావా? బుర్రుందా నీకు?"

పుండు తాను కడతానన్నాడు తాసియో. "నువ్వా? పందుల దొడ్లోంచి వచ్చిన చేతుల్తోనా?" అని తల్లి కసిరి, మోచేతుల దాకా సబ్బు రాసుకునేదాకా దగ్గరికి రానివ్వలేదు. ఈలోగా లిదువీనా మేకు మీది తువ్వాలు తీసి మరిగే నీళ్ళలో వేసింది. చేతులు తుడుచుకోవడానికి ఉతికిన గుడ్డ ఒకటి తెచ్చుకోమని భర్తకు చెప్పి, తాను గుమ్మం దాటకుండా నిలబడింది.

బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఎవరూ తలెత్తలేదు.

తాసియో మొరటు చేతుల కింద సెఫెరీనా పళ్ళు బిగబట్టింది. లిదువీనా అప్రయత్నంగా ఒక అడుగు ముందుకు వేసి, ఆగిపోయింది.

"అక్కడే కూర్చో" అంది సెఫెరీనా. "డాక్టరమ్మ నీ చేతులొద్దంది గానీ మాటలొద్దనలేదుగా. ఏదన్నా చెబుతూ ఉండు, నొప్పి తెలీకుండా... మీ అమ్మ సంగతి చెప్పు. ఆ రోజుల్లో నేను అడగనేలేదు."

లిదువీనా గడప మీద కూర్చుంది.  చివరి రోజుల్లో అమ్మ తన తల దువ్వమని అడిగేదని... అక్కడ మొదలుపెట్టింది.