షెడ్డులో గేరు చప్పుడు

ఆ సందు చివర రేకుల షెడ్డు పక్కనుంచి చీకటి పడ్డాక ఎవరూ పోయేవారు కాదు. తప్పక పోవాల్సి వస్తే పెద్దగా దగ్గుకుంటూ, పక్కన ఎవరో తోడున్నట్టు మాట్లాడుకుంటూ పోయేవారు.

ఎందుకని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్పేవారు గానీ, అందరి మాటల్లోనూ ఒకటే చప్పుడు ఉండేది. కటక్... కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ— కటక్.

లోపల ఉన్నది ఒక పాత లారీ. ఎవరూ నడపని లారీలో ఎవరో గేర్లు మారుస్తున్న చప్పుడు! పక్క గోడౌను వాచ్‌మన్ తనంత ధైర్యవంతుడు లేడని చెప్పుకుని ఒక రాత్రి రేకుల సందులోంచి తొంగి చూశాడట. స్టీరింగు పక్కన గేరు రాడ్డు దానంతటదే పైకి లేచి, దానంతటదే కిందికి దిగిందట. ఆ పైన అతను కాళ్ళకి ఎంత బాగా బుద్ధి చెప్పాడంటే, ఊడిపోయిన చెప్పులు తెచ్చుకోవడానికి మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ ఛాయలకే రాలేదు.

"చచ్చిపోయిన డ్రైవరే, ఇంకెవరు? ఆ రోజు తప్పు వేసిన గేరు ఇప్పుడు సరిగ్గా వేసుకుంటున్నాడు పాపం" అనేవారు టీ కొట్టు దగ్గర.

ఈ మాట చెవిన పడినప్పుడల్లా ఒక మనిషి మాత్రం టీ సగంలోనే వదిలేసి లేచిపోయేవాడు. అతను ఆ డ్రైవరుకి స్వయానా బావమరిది. పాత బళ్ళ మెకానిక్. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది, అందరూ పిలిచేది మాత్రం సర్దుబాటు అని. కొత్త సామాను వేయాల్సిన చోట పాతదాన్నే ఎలాగో ఒకలా సర్ది బండిని రోడ్డెక్కించేవాడు. మొదట్లో అది మెచ్చుకోలుగా పెట్టిన పేరే.

ఆ లారీ అంటే అతని బావకి ప్రాణం. గేరు రాడ్డు నేల మీద ఉండే రకం కాదది, ఇంకా పాతకాలపుది. రాడ్డు స్టీరింగు గొట్టానికే ఉంటుంది, చక్రం కిందనుంచి పక్కకి పొడుచుకొచ్చి. తన వైపుకి లాక్కుని కిందికి దించితే మొదటి గేరు, పైకి లేపితే రివర్సు. అవతలికి తోసి పైకి లేపితే రెండో గేరు. అంటే రెండో గేరూ పైకే, రివర్సూ పైకే. మధ్యలో తేడా వేలెడు కూడా లేదు. గొట్టం అడుగున రాడ్డు ఊగకుండా పట్టే బుష్షు అనే చిన్న కడియం అరిగిందంటే ఆ కాస్త తేడా కూడా మిగలదు. రాడ్డు వదులైపోయి ఊగుతుంది. రెండు అనుకుని వేస్తే ఏది పడుతుందో ఆ బండికే తెలియాలి.

"బుష్షు పోయిందిరా. రాడ్డు పళ్ళూడిన ముసలమ్మ దవడలా ఊగుతోంది. కొత్తది వేసిపెట్టు, పొద్దున్నే లోడుంది" అన్నాడు బావ ఒకరోజు.

"సాయంత్రానికల్లా అయిపోతుంది బావా."

ఆ బుష్షు కొట్లో దొరికేది కాదు. ఊరికి ఆ చివరన ఇనుము చెక్కే లేతు మిషను వాడి దగ్గర కూర్చుని చేయించుకోవాలి. సర్దుబాటు వెళ్దామనే అనుకున్నాడు. మిట్టమధ్యాహ్నం, అప్పుడే అన్నం తిన్నాడు, బయట ఎండ పేలిపోతోంది. ఒక్క కునుకు తీసి బయల్దేరదామని లారీ నీడలో వాలాడు. లేచేసరికి లేతు కట్టేసే వేళయింది. ఇంకేం చేస్తాడు? తన పాత తోలు బెల్టులోంచి ఒక ముక్క కోసి, గ్రీజు దట్టించి, అరిగిన బుష్షు చుట్టూ బిగించేశాడు. రాడ్డు ఊగడం మానేసింది. ఈ ఒక్క ట్రిప్పుకీ చాలు, వచ్చాక కొత్తది వేద్దామనుకున్నాడు.

బావ ఎక్కి కూర్చుని రాడ్డు అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు.

"కొత్తదేనా?"

"కొత్తదే బావా."

మర్నాడు లోడు బండి క్వారీ మిట్ట సగం ఎక్కింది. బావ రెండో గేరు వేశాడు. బండి ఒక్కసారిగా వెనక్కి దూకి, అదుపు తప్పి బండలకి గుద్దుకుంది...

లారీకి పెద్దగా ఏమీ కాలేదు, తర్వాత దాన్ని తెచ్చి షెడ్డులో పెట్టి తాళం వేశారు. బావనే బతికుండగా కిందికి దించలేకపోయారు.

"అంత చెయ్యి తిరిగిన డ్రైవరు రెండుకి బదులు రివర్సు వేయడమేమిటి?" అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. దానికి జవాబు బావ భార్య, సర్దుబాటు అక్కే చెప్పింది. ఏడుపూ కోపమూ కలగలిసిపోయి, "రాత్రి తాగొచ్చాడు. వద్దంటే విన్నాడా!" అనేసింది. దాంతో తేలిపోయింది. తాగి, గేరు తప్పు వేసి, తన చావు తనే కొనితెచ్చుకున్నాడు. అక్క అతని ఫొటో కూడా గోడకి పెట్టనివ్వలేదు.

సర్దుబాటు ఆ క్షణాన నోరు విప్పి ఉంటే సరిపోయేది. అక్క ఏడుపు ఆగాక చెబుదామనుకున్నాడు. ఆగాక, కాస్త తేరుకోనీ అనుకున్నాడు. తేరుకున్నాక, ఇన్నాళ్ళూ ఏం చేశావురా అంటుందేమోనని భయపడ్డాడు. అలా రోజులు సర్దుకుంటూ ఏళ్ళు దాటించేశాడు. అక్క ఇంటికప్పు కారితే తనే ఎక్కి బాగుచేశాడు. ఆమెకి జ్వరం వస్తే రాత్రంతా మంచం పక్కనే కూర్చున్నాడు. "నువ్వు లేకపోతే నా గతేంట్రా" అని ఆమె అన్నప్పుడల్లా, చెంప పగలగొట్టినా ఇంతకంటే హాయిగా ఉండేదనిపించేది.

ఇలా ఉండగా పాత బళ్ళంటే పడిచచ్చే ఆసామి ఒకడు ఆ లారీ కొంటానని వచ్చాడు. ఎక్కి కూర్చున్నాడు, దిగి నిమిరాడు, మళ్ళీ ఎక్కాడు. కొత్త పెళ్ళికొడుకు కూడా అంత మురిసిపోడు.

"రేపు పొద్దున్నే మా మెకానిక్‌ని తీసుకొస్తానమ్మా. ఈ గేరు గొట్టం బాగా అరిగిపోయింది, మొత్తం విప్పించి చూడాలి" అన్నాడు అక్కతో.

పక్కనే ఉన్న సర్దుబాటు ఆ మాట విన్నాడు. విప్పితే తోలు ముక్క బయటపడుతుంది. ఆ లారీ మీద తమ్ముడి చెయ్యి తప్ప ఇంకో మెకానిక్ చెయ్యి పడలేదని అక్కకి తెలుసు. ఇక ఆమె మొహం ఎలా చూడడం?

ఆ సాయంత్రమే లేతుకి పరిగెత్తాడు. కూర్చుని కొత్త బుష్షు చేయించుకున్నాడు. ఎంతసేపు పట్టిందనుకున్నారు? పోసిచ్చిన టీ చల్లారేంతసేపు! మెరుస్తున్న ఆ చిన్న ముక్కని అరచేతిలో పెట్టుకుని చూసుకుంటే అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. ఒక మనిషి ప్రాణం కంటే తనకి ఆ కునుకు తియ్యనైపోయింది.

రాత్రి ఊరు సద్దుమణిగాక షెడ్డు వెనక్కి చేరాడు. భయం లేదంటే అబద్ధం. ఆ దెయ్యం ఎవరినైనా పట్టుకోవాలంటే ముందు తననే పట్టుకోవాలని ఊళ్ళో అందరికంటే అతనికే బాగా తెలుసు. అయినా రేపు అక్క ఎదుట నిలబడడం కంటే ఇదే నయమనిపించింది.

వదులుగా ఉన్న రేకు ఒకటి ఎత్తి పాక్కుంటూ లోపలికి దూరాడు. టార్చి నోట కరుచుకుని లారీ కిందికి జరిగి వెల్లకిలా పడుకున్నాడు. పాత గ్రీజు వాసన... ఎలుకల వాసన... ఎక్కడో రేకు మీద గాలి గీకుతున్న చప్పుడు.

గొట్టం అడుగున రెండు ఇనప బద్దీలు పక్కపక్కనే ఉంటాయి. పైన రాడ్డు ఎలా కదిలితే కింద అవి అలా కదులుతాయి. విప్పేముందు ఎంత వదులుందో చూద్దామని వేళ్ళు పెట్టి పట్టుకున్నాడు.

బద్దీ కదిలింది.

అతను కదపలేదు.

కటక్...

పై ప్రాణం పైనే పోయింది. నోట్లోంచి టార్చి జారి, దొర్లి, ఆరిపోయింది. ఇక కళ్ళు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే.

మళ్ళీ— కటక్. చేతిలోని ఇనుము బతికున్నదానిలా జరిగింది. ఒకటి... ఆగింది... రెండు. తన తల మీద, రేకుకి అవతల, డ్రైవరు సీట్లో ఎవరో కూర్చుని గేర్లు మారుస్తున్నారు!

చెయ్యి లాక్కోబోయాడు, అది మాట వినలేదు. భయంతో వేళ్ళు బిగుసుకుపోయి, బద్దీని పట్టుకారులా పట్టేసుకున్నాయి.

పైన రాడ్డు కదల్లేదు.

ఎవరో లాగారు. కదల్లేదు. ఇంకోసారి లాగారు...

అప్పుడు చీకట్లోంచి సన్నగా, గుసగుసగా వినిపించింది.

"ఏమయ్యా... నువ్వేనా?"

అక్క గొంతు!

ముందు గుమ్మానికి తాళం తీసి ఊరికే తగిలించి ఉందని వెనకనుంచి దూరినవాడికి ఏం తెలుసు! అతను రేకు ఎత్తిన చప్పుడు పైన కూర్చున్న అక్కకి గాలి చప్పుడే అయింది. ఇన్నాళ్ళూ ఊరిని హడలగొట్టిన దెయ్యం తన అక్కే. సర్దుబాటుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ అంతలోనే ఆ భయం కంటే పెద్దదేదో గుండె మీద ఎక్కి కూర్చుంది.

"నువ్వే... నాకు తెలుసు. ఇన్నాళ్ళకి వచ్చావా?" అక్క ఏడుస్తోంది. "ఎన్ని రాత్రులు వచ్చానో. నువ్వు వేసినట్టే వేసి చూస్తున్నానయ్యా. రెండు వేస్తే ఒక్కోసారి రెండే పడుతోంది. ఒక్కోసారి వెనక్కి పోయేది పడుతోంది. నా చేతి తప్పో, దీని తప్పో నాకు తెలీడం లేదు."

సర్దుబాటు కంటి కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"నువ్వు ఆ రాత్రి తాగింది ఒక్క గుక్కేనని నాకు తెలుసు. నీ మీద కోపంతో అలా అనేశాను. నేనన్నాననే ఊరంతా నమ్మింది. రేపు దీన్ని తీసుకుపోతారు. ఇక అడగడానికి ఏమీ మిగలదు..."

తర్వాత చిన్నపిల్లలా, బతిమాలుతూ అంది.

"ఒక్కటి చెప్పు. తప్పు నీదే అయితే వదిలెయ్. నీది కాకపోతే... ఇలాగే పట్టుకో."

రాడ్డు మీద ఆమె రెండు చేతులూ వేసింది. ఆ బరువు గొట్టంలోంచి జారి అతని వేళ్ళ మీదికి వచ్చింది.

వదిలేస్తే చాలు. రాడ్డు కిందికి దిగుతుంది, అక్క ఏడ్చి ఇంటికి పోతుంది. తను తోలు ముక్క తీసేసి కొత్త బుష్షు బిగిస్తాడు. పొద్దున ఎవరు విప్పినా మెకానిక్ పని భేషుగ్గా ఉంటుంది. చచ్చిపోయిన మనిషి మాత్రం తాగుబోతుగానే మిగిలిపోతాడు, ఈసారి తప్పు తనదేనని తనే ఒప్పుకున్నట్టు.

అక్క లాగింది. ఇనప అంచు అరచేతిలో దిగింది. ఇంకా గట్టిగా లాగింది. చెయ్యి తడిసింది, అది గ్రీజో రక్తమో తెలియలేదు.

అతను వదల్లేదు.

పైన ఏడుపు కట్టలు తెంచుకుంది. "నాకు తెలుసయ్యా... నువ్వు తప్పు వేసేవాడివి కాదు... నన్ను క్షమించు..." అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఎప్పటికో అడిగింది.

"మరి ఎవరిది?"

"నాదక్కా" అన్నాడు సర్దుబాటు, నేలమీంచి.

రాడ్డు మీద అక్క చేతుల బరువు ఇంకా అతని వేళ్ళకి తెలుస్తూనే ఉంది. చాలాసేపటికి... ఒక చెయ్యి లేచింది. తర్వాత రెండోదీ లేచింది.

క్యాబిన్ తలుపు కిర్రుమంది. ఆమె పాదాలు అతని మొహానికి జానెడు దూరంలో నేల మీద దిగి, అక్కడే నిలబడిపోయాయి.

"బయటికి రా" అంది.