మిల్ రోడ్డు ఫుట్‌పాత్

ఆ మంగళవారం పొద్దున వెర్లిన్ స్ట్రోబెల్ వంటింట్లో నిలబడి కాఫీ కాచే యంత్రానికి ఉపన్యాసం ఇస్తున్నాడు.

"మేయరు గారూ, సభ్యులారా. నా పేరు వెర్లిన్ స్ట్రోబెల్. మిల్ రోడ్డులో ముప్పై ఏళ్లుగా ఇంటిపన్ను కడుతున్నవాణ్ని."

"మేయరు గారికి నీ పేరు చెప్పక్కర్లేదు," అంది అతని భార్య ఆర్డిస్, గుడ్లు వేయిస్తూ. "పోయిన నెల నువ్వు కుర్చీలోంచి లేవకముందే, రండి వెర్లిన్ అని ఆవిడే పిలిచింది."

వెర్లిన్ నవ్వలేదు. మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టాడు.

హాల్వర్ క్రీక్‌లో నగర కౌన్సిల్ నెలకోసారి సమావేశమవుతుంది. ఊరివాళ్లు ఎవరైనా పేరిచ్చి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. కాగితం మిల్లులో ఉద్యోగ విరమణ చేసినప్పటినుంచి వెర్లిన్ ఆ మూడు నిమిషాలను ఒక్కసారి కూడా వదులుకోలేదు. చెత్తబండి రుసుము పెంచారని ఒకసారి, రాలిన ఆకులు ఎత్తుకెళ్లే బండి రెండు విడతలనుంచి ఒక విడతకి తగ్గిందని ఇంకోసారి, మంచు తోసే బండి తన వీధికి అన్నిటికన్నా ఆఖరున వస్తుందని ప్రతి చలికాలం లేచి నిలబడ్డాడు. గుంతలో వాళ్లు పోసిన తారు వానపాముకన్నా తొందరగా బయటికొస్తోందని అతనన్న మాట ఊళ్లో చాలాకాలం నడిచింది. అతను చెప్పేవాటిలో చాలావరకు నిజమే కాబట్టి ఎవరూ అతన్ని ఆపేవారు కారు.

ఈసారి సంగతి పెద్దది. మిల్ రోడ్డు పొడవునా ఫుట్‌పాత్ వేయాలని కౌన్సిల్ తలపెట్టింది. ఖర్చు రోడ్డుకి అటూఇటూ ఉన్న ఇళ్లవాళ్ల పన్నులో కలుపుతారు. వేశాక, చలికాలంలో ఎవరి ఇంటిముందు మంచు వాళ్లే తవ్వి ఎత్తిపోయాలి. ఎత్తకపోతే జరిమానా. అంటే డబ్బిచ్చి మరీ చాకిరీ కొనుక్కోవడం అన్నమాట, అనేవాడు వెర్లిన్.

దీన్ని ఆపడానికి ఒకటే దారి. రోడ్డులో సగానికి మించి ఇళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే ప్రతిపాదన మూలనపడుతుంది. ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. వెర్లిన్, పక్కింటి డ్వేన్ కలిసి సెప్టెంబరంతా ట్రక్కులో తిరుగుతూ తలుపులు తట్టి సంతకాలు పోగుచేశారు.

"మనదీ కలిపితే సగానికి ఒక్క ఇల్లు ఎక్కువ," అన్నాడు వెర్లిన్, రొట్టె ముక్క కొరుకుతూ. "ఒక్కటి చాలు."

ఆర్డిస్ గరిటె ఆపింది. "మనదా?"

"నీ పేరు కూడా నేనే పెట్టేశాను. ఆ రోజు నువ్వు ఇంట్లో లేవు. మీ చెల్లెలి దగ్గరికి వెళ్లావనుకుంటా, మనమ్మాయి జోలీన్ దింపింది కాబోలు."

అందులో తప్పుందని అతనికి తట్టలేదు. క్రిస్మస్ కార్డుల మీద ఏటా ఇద్దరి పేర్లూ ఆర్డిసే రాస్తుంది. పెళ్లి కానుకల మీదా, చావు పరామర్శల మీదా ఆమె చేతిరాతలోనే వెర్లిన్ ఉంటాడు. ఈసారి అతను రాశాడు, అంతే.

ఆర్డిస్ స్టవ్ కట్టేసింది. పళ్లెం అతని ముందు పెట్టి, సాయంత్రం సమావేశానికి తనూ వస్తానంది. అక్కడ నీకేం పని, విసుగొస్తుంది అన్నాడతను. జోలీన్ తీసుకొస్తుందిలే అని, ఆమె గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

ఆమె పోయిన ఏడాది వసంతంలో డ్రైవింగ్ లైసెన్సు తిరిగిచ్చేసింది. కళ్ల జబ్బు. చూపు అంచుల్లో బాగానే ఉంటుంది, సరిగ్గా చూడాలనుకున్న చోటే మసక. మనిషి ఎదురుగా నిలబడితే చెవులూ జుట్టూ కనిపిస్తాయి, ముఖం ఉండదు. ఆ రోజునుంచి ఆమెకి కావలసినచోటికల్లా తనే దింపుతున్నానని వెర్లిన్ అందరితో చెప్పేవాడు. నోరు తెరిచి అడగడమే ఆలస్యం, అనేవాడు.

సమావేశ మందిరం ఆ సాయంత్రం నిండిపోయింది. వెర్లిన్ తన మూడు నిమిషాలూ ఒక్క క్షణం మిగలకుండా వాడుకున్నాడు. రోడ్డు ఉన్నది బళ్ల కోసమనీ, ఆ రోడ్డులో నడిచేవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టవచ్చనీ, వాళ్ల కోసం ఇంతమంది ముసలివాళ్ల నడుములు విరగ్గొట్టడం న్యాయం కాదనీ అన్నాడు. చప్పట్లు మోగాయి. డ్వేన్ అతని వీపు తట్టాడు.

మేయరు తర్వాతి పేరు చదివింది. "ఆర్డిస్ స్ట్రోబెల్."

వెర్లిన్ ముందు నవ్వాడు. జాబితాలో తన ఇంటిపేరు రెండుసార్లు పడిందేమో అనుకున్నాడు. తల తిప్పి చూసేసరికి, వెనక వరసలోంచి ఆర్డిస్ కూతురి చేయి పట్టుకుని మైకు వైపు నడుస్తోంది. జోలీన్ స్కూలు బస్సు డ్రైవరు. డ్యూటీ కోటు కూడా విప్పకుండా వచ్చింది. తల్లిని మైకు దగ్గర నిలబెట్టి రెండడుగులు వెనక్కి వేసింది.

"అభ్యంతరాల కాగితంలో నా పేరుంది," అంది ఆర్డిస్. "అది నేను పెట్టింది కాదు. తీసేయమని అడగడానికి వచ్చాను."

హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

ఆమె తొందరపడలేదు. తనకు కళ్లు సరిగా కనబడవని చెప్పింది. చెల్లెలు లవోన్ ఉండే ఫ్లాట్లకీ, కొట్టుకీ మిల్ రోడ్డు అంచున నడిచి వెళ్తానంది. "టైర్ల చప్పుడు విని పక్కనున్న కాలవలోకి దిగుతాను. గాలి ఎదురుగా ఉంటే వెనకనుంచొచ్చేది వినపడదు. జూన్‌లో ఒక బండి అద్దం నా భుజానున్న సంచీని లాక్కుపోయింది. గుడ్లు తప్ప ఇంకేం పగల్లేదు. ఆ బండి ఎవరిదో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. పన్ను ఎక్కువే, నేనూ ఒప్పుకుంటాను. మంచు నేను ఎత్తగలను. నాకు చెప్పాల్సింది ఇంతే."

ఆమెకింకా సగం సమయం మిగిలే ఉంది. కూతురి చేయి అందుకుని వెళ్లి కూర్చుంది.

క్లర్కు మేయరు చెవిలో ఏదో అన్నాడు. ఒక ఇంటి పేరు తగ్గింది కాబట్టి అభ్యంతరం సగం దాటలేదనీ, ప్రతిపాదనపై ఓటింగు వచ్చే సమావేశంలో ఉంటుందనీ మేయరు ప్రకటించింది. డ్వేన్ వెర్లిన్ వైపు చూడకుండా కోటు తొడుక్కున్నాడు.

జూన్‌లో భుజం కమిలిపోయి ఉంటే, నేలమాళిగ మెట్ల మీద జారానని ఆర్డిస్ అప్పట్లో చెప్పింది. అది నమ్మి ఆ మెట్లకి తనే రబ్బరు పట్టీలు అతికించాడు. ఇంటికొచ్చే దారి పొడవునా వెర్లిన్ ఆ పట్టీల గురించే ఆలోచించాడు.

వంటింట్లోకి అడుగుపెట్టాక గానీ అతనికి కోపం రాలేదు. వచ్చాక ఆగలేదు.

"ఊరందరి ముందు నన్ను వెధవని చేశావు."

"నీ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు నేను."

"మాట్లాడక్కర్లేదు, అందరికీ అర్థమైంది. ఇంట్లో చెప్పొచ్చుగా?"

"నువ్వు పేరు పెట్టేముందు అడిగుంటే చెప్పేదాన్ని."

"అసలు రోడ్డు మీద నడవాల్సిన ఖర్మేంటి నీకు? కారుంది. నేనున్నాను. అడిగితే కాదన్నానా ఎప్పుడైనా?"

ఆర్డిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "లేదు, వెర్లిన్. ఎప్పుడూ కాదనలేదు. డ్వేన్ దగ్గర్నుంచి వచ్చాక అంటావు. టీవీలో ఈ ఆట అయ్యాక అంటావు. తప్పేం లేదు, నీ పనులు నీకుంటాయి. కానీ అడగాలి. మొన్న రొట్టెకి ఈస్ట్ అయిపోయింది. నీ మొహం ఎలా ఉందో కనపడదు కదా, గొంతు ఎలా ఉందో విని, ఇప్పుడడగొచ్చా, కాసేపాగాలా అని గుమ్మంలో నిలబడ్డాను. ఒక్క ఈస్ట్ పొట్లం కోసం. క్రెడిట్ యూనియన్ బ్యాంకులో పనిచేసినప్పుడు అంతమందిని నడిపించినదాన్ని. నాకే సిగ్గేసింది. బూట్లేసుకుని నడిచి వెళ్లాను."

వెర్లిన్ తమతో పాటు ఇంటికొచ్చిన కూతురి వైపు తిరిగాడు. "నీకు తెలుసా ఇదంతా?"

"నేను ఆ రోడ్డు మీదే బస్సు తోల్తాను నాన్నా. మలుపు దగ్గర అమ్మ కనబడిన ప్రతిసారీ నా పై ప్రాణాలు పైనే పోతాయి."

"మరి నాకు చెప్పాలని తోచలేదా?"

జోలీన్ తల్లి వైపు చూసి, నెమ్మదిగా అంది. "చెబితే నువ్వేం చేస్తావో మా ఇద్దరికీ తెలుసు. రోడ్డు బాగుచెయ్యమనవు. అమ్మని గుమ్మం దాటొద్దంటావు."

అనడానికి నోరు తెరిచిన మాట అదే కావడంతో, వెర్లిన్ నోరు మూసుకున్నాడు.

ఆ తర్వాత ఇంట్లో గొడవేమీ జరగలేదు. కూర ఎప్పటిలాగే ఉడికింది, బట్టలు ఎప్పటిలాగే మడతపడ్డాయి. మాటలు మాత్రం ఉప్పు, పత్రిక, టెలిఫోను దాకా వచ్చి ఆగిపోయేవి. శుక్రవారం క్లబ్బులో వేయించిన చేపల భోజనానికి వెళితే డ్వేన్ గట్టిగా, మీ ఇంట్లో ఓటు ఎవరి చేతిలో ఉందో ఇప్పుడు తెలిసింది అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆర్డిస్ కూడా మర్యాదకి నవ్వింది. వెర్లిన్‌కి మంగళవారం తను పడ్డ కోపం లాంటిదే మళ్లీ వచ్చింది, కాకపోతే ఈసారి డ్వేన్ మీద.

శనివారం పొద్దున ఆమె గుమ్మం దగ్గర నారింజరంగు చొక్కా తొడుక్కుంటూ కనిపించింది. జింకల వేటకి వెళ్లేటప్పుడు అతను వేసుకునేది.

"అది నాది," అన్నాడు.

"తెలుసు. ఇంట్లో దూరాన్నుంచి కనబడే గుడ్డ ఇదొక్కటే. లవోన్‌కి సూప్ పట్టుకెళ్తున్నా."

కారు తాళాలు అతని చేతిలోనే ఉన్నాయి. వాటిని మేకుకి తగిలించాడు. "నేనూ రానా?" అని అడిగాడు.

ఆర్డిస్ చొక్కా జిప్పు పైకి లాగింది. "కారులో రాను."

"నడిచే."

"అయితే ఆ బూట్లు మార్చుకో. తడుస్తాయి."

ముప్పై ఏళ్లలో వెర్లిన్ ఆ రోడ్డు మీద ఉత్తరాల పెట్టె దాటి నడవలేదు. కారులోంచి వెడల్పుగా కనిపించే రోడ్డు కాళ్లకింద సన్నగా ఉంది. తెల్లగీత అవతల తారు జానెడు కూడా లేదు. తర్వాత కంకర, ఆ తర్వాత కాలవలోకి జారే గడ్డి. మొదటి బండి పక్కనుంచి పోయినప్పుడు దాని గాలికి అతని టోపీ కదిలింది. తిట్టాడు. ఆర్డిస్ నడుస్తూనే ఉంది.

మలుపు దగ్గర ఆమె హఠాత్తుగా అతని మోచేయి పట్టి పక్కకి లాగింది. అతనికి అప్పటికింకా ఏ చప్పుడూ వినపడలేదు. ఇద్దరూ గడ్డిలోకి దిగిన మరుక్షణం ఒక ట్రక్కు దూసుకుపోయింది. లోపలున్నది డ్వేన్. వాళ్లని గుర్తుపట్టి స్నేహంగా చెయ్యూపాడు. వేగం మాత్రం తగ్గించలేదు.

డ్వేన్‌ని తిట్టబోయి వెర్లిన్ ఆగాడు. తనూ అంతే. ఈ మలుపులో ఎవరైనా కనిపిస్తే తనూ చెయ్యూపుతాడు, తనూ వేగం తగ్గించడు. చెయ్యూపడంతో మర్యాద తీరిపోయిందనుకుంటాడు.

అతను కాళ్లకింద చూసుకున్నాడు. గడ్డిలో ఒక సన్నటి బాట ఉంది. ఒక మనిషి అడుగు వెడల్పు, అంతకన్నా లేదు. నలిగి, మట్టి తేలి, కాలవ ఒడ్డు వెంట తమ ఇంటి వైపునుంచి వచ్చి లవోన్ ఫ్లాట్ల వైపు పోతోంది. కారులోంచి దాన్ని అతను ఎన్నోసార్లు చూశాడు. జింకలు తొక్కిన దారి అనుకున్నాడు. ఇక్కడ జింకలు బాగా తిరుగుతున్నాయని డ్వేన్‌కి చూపించి చెప్పాడు కూడా.

"ఇది నువ్వేనా?" అన్నాడు.

"ఏది?"

"ఈ బాట."

"ఓ, అదా. కాళ్లకి తెలుస్తుందని దాని మీదే నడుస్తా. చూడక్కర్లేదు."

వెర్లిన్ అక్కడే నిలబడిపోయాడు. మంచు కురిసిన రోజుల్లో, వానరోజుల్లో, తను హార్డ్‌వేర్ షాపులో కాఫీ తాగుతూ పన్నుల మీద పోట్లాడిన పొద్దుటి పూటల్లో, తన భార్య ఒక్కతే ఎన్నిసార్లు నడిస్తే నేల ఇలా అరుగుతుందో అతని ఊహకి అందలేదు. ఈ రోడ్డులో నడిచేవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టవచ్చని మైకులో అన్నాడు. ఆ లెక్కలో మొదటి వేలు తన ఇంట్లోదే. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకి తన ముఖం కనబడదని గుర్తొచ్చి తుడుచుకోలేదు.

కానీ ఆమె ఊపిరి చప్పుడు వింది. చేతిలోని సూప్ డబ్బా అటునుంచి ఇటు మార్చుకుని, ఖాళీ అయిన చెయ్యి అతని వీపు మీద వేసింది.

"నీ పేరు నేనలా రాసి ఉండాల్సింది కాదు," అన్నాడు.

"ఊఁ."

"సోమవారం వెళ్లి నాది కూడా తీసేయమంటాను. రేటు మాత్రం ఎక్కువే. కాంట్రాక్టరు దోచుకుంటున్నాడు. అది మాత్రం అడుగుతాను."

"అడుగు. గట్టిగానే అడుగు," అంది ఆర్డిస్. "నడువు, సూప్ చల్లారిపోతుంది."

బాట మీద ఇద్దరు పక్కపక్కన పట్టరు. ఆమె ముందు, అతను వెనక నడిచారు. కొంతదూరం పోయాక వెనకనుంచి ఏదో బండి వస్తున్న చప్పుడు వెర్లిన్‌కి కూడా వినిపించింది. అది దాటిపోయేదాకా ఇద్దరూ గడ్డిలో ఆగి నిలబడ్డారు.